కిష్టారెడ్డిపేట గేట్ల ముందు క్రిస్మస్ చెట్టు: ఎక్కడి నుంచి వచ్చింది, ఎటు వంగుతోంది?

పోయిన ఎపిసోడ్‌లో చెరువుల గురించి మాట్లాడుకున్నాం కదా. ఈసారి ఒక చెట్టు కథ చెప్తాను. చెట్టుకు చరిత్ర ఏముంటుంది అని కొందరు కామెంటు పెడతారని తెలుసు. కొంచెం ఓపిక పట్టి వినండి. ఈ కథలో కెప్టెన్ కుక్ ఉన్నాడు, మచిలీపట్నం అద్దకం ఉంది, ఆదిలాబాద్ అడవుల్లో దొరికిన రాక్షసబల్లి కూడా ఉంది.

బీరంగూడ కమాన్ దగ్గర లోపలికి తిరిగి, గుట్ట మీది మల్లికార్జునస్వామి గుడి దాటుకుని మా కిష్టారెడ్డిపేట వైపు రండి. ఇరవై ఏళ్ల కింద ఇటు చెల్కలు, రాళ్లగుట్టలు, మధ్యమధ్యలో పొలాలు. ఇప్పుడు అన్నీ విల్లాలు, అపార్టుమెంట్లు. ప్రతి గేటెడ్ కాలనీ ముందర, లోపల పార్కులో, చాలా ఇళ్ల వాకిట్లో ఒకటే చెట్టు కనిపిస్తుంది. నిట్టనిలువుగా ఒక కాండం, దాని చుట్టూ అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు, గొడుగు మీద గొడుగు పెట్టినట్టు. అందరం క్రిస్మస్ చెట్టు అంటాం. నర్సరీ వాళ్లు అరకేరియా అంటారు. పటాన్‌చెరు వైపు వెళ్తే ఫ్యాక్టరీల ఆఫీసు బిల్డింగుల ముందు కూడా జంటలు జంటలుగా నిలబడి ఉంటాయి, ద్వారపాలకుల్లాగా.

దీన్ని వృక్షశాస్త్రంలో వివృతబీజాల్లో చేర్చారు. పువ్వు పూయదు, కాయ కాయదు, విత్తనాలు శంఖం లాంటి గట్టి బుట్టలో పెరుగుతాయి. దేవదారు, పైన్, సైప్రస్ అన్నీ ఈ జాతివే. మీకు ఆశ్చర్యం కలిగించే మాట ఒకటి చెప్తాను. హిమాలయాల్లో ఇవి అడవులకు అడవులే ఉన్నాయి. దక్షిణ భారతంలో మాత్రం సహజంగా పెరిగే శంఖాకార వృక్షం ఒక్కటంటే ఒక్కటే, అదీ పడమటి కనుమల తడి అడవుల్లో. మన తెలంగాణ పీఠభూమిలో సున్నా. అంటే మీ వాకిట్లో ఉన్న క్రిస్మస్ చెట్టు ఎవరో తెచ్చి పెట్టిందే తప్ప, తనంతట తాను ఇక్కడ మొలిచింది కాదు.

మరి సముద్రం పక్కన ఉన్న సరుగుడు తోటల సంగతేంటి అని అడుగుతారు. చూడ్డానికి అచ్చం పైన్ చెట్టే. సూదుల్లాంటి ఆకులు, చిన్న శంఖం లాంటి కాయలు. కానీ సరుగుడు పువ్వులు పూసే చెట్టు, దీనికీ దానికీ చుట్టరికం లేదు. ఆ సూదులు కూడా నిజానికి ఆకులు కావు, సన్నటి రెమ్మలు. అసలు ఆకులు ఆ రెమ్మల కణుపుల దగ్గర పొలుసుల్లాగా ఉంటాయి, భూతద్దం పెట్టి చూడాలి.

అయితే పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. సరుగుడును కొన్ని చోట్ల సరువు, సర్వి అంటారు. మరాఠీ వాళ్లు సురూ అంటారు. పర్షియన్‌లో సైప్రస్ చెట్టు పేరు సర్వ్. ఇవన్నీ ఒకే మాట అని నాకు గట్టిగా అనిపిస్తుంది. సైప్రస్‌ను చూసినవాళ్లు, ఆ పోలికలున్న ఇంకో చెట్టు కనిపిస్తే దానికీ ఆ పేరే పెట్టేసి ఉంటారు.

ఈ సర్వ్ అనేది మామూలు చెట్టు కాదండీ. పర్షియన్ కవిత్వంలో నాయిక అందంగా ఉందంటే సర్వ్ లాగా నిలువుగా, నాజూకుగా ఉందని అర్థం. అక్కణ్నుంచి దక్కనీలోకి, ఉర్దూలోకి అదే పోలిక వచ్చింది. తాజ్‌మహల్ ముందు నీళ్ల కాలువ పక్కన బారుగా కనిపించే చెట్లు అవే. కుతుబ్‌షాహీలు 1591లో హైదరాబాద్ కట్టినప్పుడు దాన్ని తోటల నగరంగా ఊహించుకున్నారు, ఆ ఊహ వచ్చింది పర్షియా నుంచే. ఆ రాజ్యానికి రేవు మచిలీపట్నం. అక్కడి అద్దకంవాళ్లు పర్షియా మార్కెట్టు కోసం కలంకారీ గుడ్డలు వేసేవాళ్లు. వాటి మీద ఏముండేది? మధ్యలో కమాను, దాని కింద సైప్రస్ చెట్టు, చుట్టూ పూలతీగలు. అంటే మా ఇంటి గేటు ముందు ఇలాంటి చెట్టు నిలబడడానికి మూడు నాలుగు వందల ఏళ్ల ముందే కృష్ణా తీరంలో మన తెలుగువాళ్ల చేతులు దాని బొమ్మ గీశాయి. చెట్టుకంటే ముందు బొమ్మ వచ్చింది. నాకు ఈ కథ మొత్తంలో చాలా ఇష్టమైన ముక్క ఇదే.

సరే, ఇక అసలు చెట్టు దగ్గరికి వద్దాం. 1774. కెప్టెన్ జేమ్స్ కుక్ రెండో సముద్రయాత్ర, ఓడ పేరు రెజల్యూషన్. సెప్టెంబరులో ఆస్ట్రేలియాకు తూర్పున ఒక పెద్ద దీవి కనిపించింది, దానికి న్యూ కాలెడోనియా అని పేరు పెట్టాడు. తీరం వెంబడే పోతుంటే దూరంగా ఎత్తైన స్తంభాల లాంటివి కనిపించాయి. ఓడలో గొడవ మొదలైంది. చెట్లు అని కుక్ అంటాడు. ఓడలో ఉన్న పండితులు కాదు, అవి బసాల్ట్ రాతి స్తంభాలు అంటారు. దగ్గరికి వెళ్లి చూస్తే చెట్లే. పండితుల్లో ఒకడైన ఫార్‌స్టర్ పెట్టిన శాస్త్రీయ నామంలో ఆ స్తంభం మాట మిగిలిపోయింది, కొలమ్నారిస్ అని. స్తంభం లాంటిది అని అర్థం. వాదన ఓడిపోయినా పేరు గెలిచింది! దాన్నే కుక్ పైన్ అంటారు. ఇంకొన్ని రోజులకు, అక్టోబరు 10న, ఇంకో చిన్న దీవి కనిపించింది. మనిషి లేడు. దీవి నిండా ఇలాంటి చెట్లే, కాకపోతే ఇంకొంచెం వెడల్పుగా పరుచుకున్న కొమ్మలతో. ఆ దీవికి నార్‌ఫోక్ అని పేరు పెట్టాడు. ఆ చెట్టు నార్‌ఫోక్ ఐలండ్ పైన్.

కుక్ ఎందుకంత సంబరపడ్డాడు? అందం చూసి కాదు. ఓడ తెరచాపలు కట్టే స్తంభాల కోసం. ఇంగ్లాండు నౌకాదళానికి పొడుగాటి నిటారు మాను ప్రాణంతో సమానం. అది బాల్టిక్ తీరం నుంచి, అమెరికా వలసల నుంచి రావాలి. కొద్ది రోజులకే అమెరికా తిరగబడింది, చేయి జారిపోయింది. అందుకే 1788లో సిడ్నీలో ఖైదీల వలస పెట్టగానే, కొన్ని వారాల్లోనే, ఫిలిప్ గిడ్లీ కింగ్ అనే అధికారిని కొద్దిమందితో నార్‌ఫోక్ దీవికి పంపారు, మార్చి 6న వాళ్లు అక్కడ దిగారు. తీరా నరికి చూస్తే ఆ కలపలో స్తంభానికి కావాల్సిన సాగే గుణం లేదు. పెళుసు. లెక్క తప్పింది.

యుద్ధానికి పనికిరాని చెట్టు తోటకు పనికొచ్చింది. ఇది 19వ శతాబ్దపు కథ. ఆరు నెలల ఓడ ప్రయాణంలో ఉప్పుగాలికి మొక్కలన్నీ చచ్చిపోయేవి. లండన్‌లో నథానియల్ వార్డ్ అనే డాక్టరు గాజు పెట్టె కనిపెట్టాడు, మూత వేసేస్తే లోపలి తేమ లోపలే తిరుగుతుంది. 1833లో ఆ పెట్టెల్లో మొక్కలు పెట్టి సిడ్నీకి పంపి చూశారు, బతికాయి. అంతే, ప్రపంచంలోని తోటలన్నీ ఒకదానికొకటి మొక్కలు పంపుకోవడం మొదలైంది. కలకత్తా, లండన్ క్యూ, సిడ్నీ, మన పక్కనే బెంగళూరు లాల్‌బాగ్. హైదర్ అలీ మొదలుపెట్టిన ఆ తోట 1856లో ప్రభుత్వ వృక్షతోట అయింది. ఇవాళ గాజుమేడ చుట్టుపక్కల ఆకాశంలోకి పొడుచుకుపోయే కుక్ పైన్‌లు చూస్తే మీకు అరకేరియా అసలు ఎత్తు అర్థమవుతుంది. మనం కుండీలో చూసి ముద్దుచేసే మొక్క అది. సొంత దీవిలో రెండు వందల అడుగులు పోతుంది, అంటే దాదాపు ఇరవై అంతస్తులు.

క్రిస్మస్ చెట్టు అనే పేరు సంగతి కూడా చెప్పేస్తాను. డిసెంబరులో చెట్టును ఇంట్లో పెట్టి అలంకరించే అలవాటు జర్మనీది. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ జర్మన్ కాబట్టి, 1848లో రాజకుటుంబం చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ లండన్ పత్రికలో వచ్చాక ఇంగ్లాండంతా పాకింది. అక్కడ వాడేది వేరే చెట్టు, ఫర్, స్ప్రూస్. అవి చలి లేకపోతే బతకవు. మన ఎండలకు తట్టుకుని, అంతస్తుల కొమ్మలతో అదే ఆకారంలో నిలబడేది అరకేరియా. అందుకే పేరు దీనికి వచ్చి చేరింది. పండుగకు సంబంధం లేని ఇళ్ల ముందు కూడా అదే పేరుతో పిలుస్తాం, ఎవరికీ ఇబ్బంది లేదు.

మన దగ్గరికి ఇంత పెద్ద ఎత్తున తెచ్చింది మాత్రం దొరలు కాదు, కడియం. రాజమహేంద్రవరం పక్కన కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి. గోదావరి ఒండ్రు నేల మీద వేల ఎకరాల్లో నర్సరీలు. ఇక్కడ ఒక విచిత్రం చూడండి. విలియం రాక్స్‌బర్గ్ అనే డాక్టరు, తర్వాత భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని పేరు తెచ్చుకున్నాయన, 1780ల్లో మొక్కల ప్రయోగాలు చేసింది సామర్లకోటలో. కడియానికి అట్టే దూరం కాదు. ఆయన 1793లో కలకత్తా వెళ్లిపోయాడు. ఆ తోటకూ ఇప్పటి నర్సరీలకూ నేరుగా సంబంధం ఉందని నేను అనను. కానీ ఆ నేలకు మొక్కల పిచ్చి ఉందని మాత్రం అంటాను.

రింగురోడ్డు వచ్చాక, విల్లాలు లేచాక, లారీలకు లారీలు మొక్కలు ఇటు దిగాయి. ఫ్యాక్టరీలకు వేరే కారణం ఉంది. పటాన్‌చెరు పేరు చెప్తే పెద్దవాళ్లకు నక్కవాగు గుర్తొస్తుంది. రసాయనాలు వాగులో కలిసి, బావులు చెడి, పొలాలు చెడి, 1990లో కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ తర్వాత్తర్వాత అనుమతుల కాగితాల్లో పచ్చదనం షరతు మామూలైపోయింది, స్థలంలో మూడో వంతు చెట్లుండాలని. దుమ్మును ఆపే చెట్లు, దట్టమైన చెట్లు, వరసలు వరసలుగా ఉండాలని దాని ఉద్దేశం. జరిగింది ఏంటి? చాలా చోట్ల ఆఫీసు ముందు లాన్, లాన్‌లో నాలుగు అరకేరియాలు, రెండు థూజాలు. ఫొటోకు బ్రహ్మాండం. ఎనిమిది అడుగుల దూరంలో ఒక్కో శంఖం నిలబడితే దాని మధ్యలోంచి గాలి, దుమ్ము, వాసన అన్నీ హాయిగా పోతాయి. ఆకారానికి పెట్టిన చెట్టును అడ్డుగోడగా లెక్కేయడం నాకు నచ్చదు.

థూజా అన్నాను కదా, అది మీకు వేరే పేరుతో తెలిసే ఉంటుంది. ఆకులు చదునుగా, నెమలి పింఛంలాగా విచ్చుకుని ఉంటాయి. బడి ఆవరణల్లో, ఆఫీసుల ముందు బాగా పెంచేవాళ్లు. ఆ ఆకు పుస్తకంలో పెట్టుకుంటే చదువొస్తుందని మా క్లాసులో సగం మంది నమ్మకం. చెట్టుకు కింది కొమ్మలు మిగిలేవి కావు. చైనా నుంచి వచ్చిన చెట్టు అది, పాపం మన పరీక్షల భారం మోసింది.

ఇప్పుడు పెంచేవాళ్ల కోసం కొన్ని మాటలు. మా కాలనీలో కూడా పార్కు గురించి పెద్ద చర్చ నడుస్తోంది కాబట్టి, ఇది ఊరికే చెప్పే మాట కాదు.

మొదటిది నేల. ఇక్రిశాట్‌ను 1972లో పటాన్‌చెరులో పెట్టడానికి ఒక కారణం, ఒకే ఆవరణలో నల్లరేగడి, ఎర్రనేల రెండూ దొరకడం. అంటే మన చుట్టుపక్కల కూడా అంతే, ఒక వీధిలో చెల్క, ఇంకో వీధిలో రేగడి. అరకేరియాకు నీళ్లు ఇంకిపోయే నేల కావాలి. ఎర్రమట్టిలో సులువుగా వస్తుంది. రేగడిలో వానాకాలం వేళ్లు నీళ్లలో నానితే కింది కొమ్మలు ఎండుతూ వస్తాయి. కింద రాలిన కొమ్మ మళ్లీ రాదు, ఇది గుర్తుపెట్టుకోండి. వేపలాగా నరికినచోట చిగురు వేసే గుణం దీనికి లేదు. రేగడి అయితే గుంత పెద్దగా తీసి, మొరం, ఇసుక కలిపి, మొక్కను చుట్టుపక్కల నేలకంటే కొంచెం ఎత్తులో పెట్టాలి. లేత మొక్కకు మొదటి రెండు ఎండాకాలాలు పడమటి ఎండ తగలకుండా చూసుకోవాలి.

రెండోది మొక్క ఎలా వచ్చిందన్నది. ఇది చాలామందికి తెలియదు. అరకేరియాలో నడిమి కాండం వేరు, పక్క కొమ్మ వేరు. పక్క కొమ్మ ముక్కను నాటితే వేళ్లు వేస్తుంది, బతుకుతుంది కూడా, కానీ జన్మలో నిటారుగా లేవదు. నేల మీద పక్కకే పాకుతుంది, తాను ఇంకా కొమ్మనే అనుకుంటుంది. విత్తనం మొక్కో, నడిమి మొవ్వ నుంచి చేసిన మొక్కో అయితేనే చెట్టవుతుంది. కొనేటప్పుడు పైనుంచి చూడండి. ఒక్కో అంతస్తులో కొమ్మలు చుట్టూ సమానంగా, చుక్క గీసినట్టు ఉండాలి. అదే కారణంగా మొవ్వ నరకొద్దు. కరెంటు తీగల కింద నాటడం, పదేళ్లకు తీగలకు తగిలిందని లైన్‌మన్ వచ్చి తల కొట్టేయడం, ఆ తర్వాత అది మొండెంలాగా నిలబడడం. మా రోడ్డులో అలాంటివి ఎన్నో. లైన్‌మన్‌ను తిట్టి లాభం లేదు, ఆయన పని ఆయన చేశాడు.

మూడోది, అసలు తమాషా ఇదే. మన దగ్గర నార్‌ఫోక్ పైన్ అని అమ్మేవాటిలో చాలా వరకు కుక్ పైన్‌లే. చిన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. పెద్దయ్యాక కుక్ పైన్ సన్నగా, స్తంభంలాగా అవుతుంది. అంతేకాదు, వంగుతుంది. ఎటు పడితే అటు కాదు. కాలిఫోర్నియాలో మ్యాట్ రిట్టర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు చెట్ల మీద పుస్తకం రాస్తూ, అక్కడి కుక్ పైన్‌లన్నీ దక్షిణానికే వంగి ఉన్నాయని గమనించాడు. ఆస్ట్రేలియాలో తోటి శాస్త్రజ్ఞుడిని అడిగితే, ఇక్కడ ఉత్తరానికి వంగుతాయి అన్నాడట. ఆయన బృందం ఐదు ఖండాల్లో 18 చోట్ల 256 చెట్లు కొలిచి 2017లో ప్రచురించింది. దాదాపు అన్నీ భూమధ్యరేఖ వైపే. సగటున ఎనిమిదిన్నర డిగ్రీలు, పీసా గోపురం వంపుకు రెట్టింపు. భూమధ్యరేఖకు ఎంత దూరమైతే అంత ఎక్కువ వంపు. ఎందుకో ఇంకా తేలలేదు. దిక్సూచి మింగిన చెట్టు!

మనం పదిహేడో అక్షాంశం మీద ఉన్నాం, కాబట్టి కాలిఫోర్నియా అంత ఉండకపోవచ్చు. అయినా లెక్క వేసుకోండి. అరవై అడుగుల చెట్టు ఆ సగటు ప్రకారం వంగితే కొన దాదాపు తొమ్మిది అడుగులు పక్కకు వస్తుంది. ఇంటికి ఉత్తరాన నాటితే మీ స్లాబు మీదికి, దక్షిణాన నాటితే పక్కింటివాళ్ల మీదికి. వాస్తు ప్రకారం ఎత్తైన చెట్లు దక్షిణం, పడమర ఉండాలంటారు కదా, ఈ ఒక్క విషయంలో వాస్తుకూ శాస్త్రానికీ కుదిరింది. పక్కింటాయన ఒప్పుకోవాలి అంతే. రెండు వందల గజాల ప్లాటులో ఈ చెట్టు నాటేముందు ఇది ఆలోచించాల్సిన విషయమే.

ఇక చివరి ముక్క. ఈ చెట్టు పరాయిది, పీకేయండి అనేవాళ్లు మా కాలనీ మీటింగులో ఉన్నారు. వాళ్లకు నేను చెప్పిన కథ మీకూ చెప్తాను. బిర్లా సైన్స్ మ్యూజియంలో పెద్ద రాక్షసబల్లి అస్థిపంజరం ఉంది కదా, 44 అడుగులది, పిల్లల్ని తీసుకెళ్లే ఉంటారు. దాని పేరు కోటాసారస్ యమన్‌పల్లియెన్సిస్. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, గోదావరి ప్రాణహిత లోయలో దొరికింది. జియలాజికల్ సర్వే శాస్త్రజ్ఞుడు యాదగిరి 1988లో పేరు పెట్టాడు. అదే లోయలో దొరికిన ఇంకో పెద్ద బల్లి బరపాసారస్ టాగోరీ. బరా పా అంటే పెద్ద కాలు, టాగోరీ అంటే మన రవీంద్రుడే. జురాసిక్ కాలం, పదహారు పదిహేడు కోట్ల ఏళ్ల పైమాట. ఆ లోయ శిలల్లో ఎముకలతోపాటు మొక్కల అచ్చులు కూడా దొరికాయి. వాటిలో అరకేరియా కుటుంబానివి ఉన్నాయి. అప్పటికి పువ్వు అనేదే లోకంలో లేదు. వేప లేదు, మర్రి లేదు, గడ్డి కూడా లేదు. ఈ శంఖాల చెట్లూ, ఫెర్న్‌లూ, సైకస్‌లే అడవి. పొడుగు మెడ బల్లులు ఏం తిని అంత పెరిగాయని కొందరు శాస్త్రజ్ఞులు 2008లో ప్రయోగం చేశారు. అరకేరియా ఆకును కడుపులో లాగా పులియబెట్టి చూస్తే, మొదట నెమ్మదిగా ఉన్నా, మూడు రోజులు ఉంచేసరికి మంచి మేతతో పోటీపడే శక్తి వచ్చింది. పెద్ద కడుపు, నెమ్మది అరుగుదల. సరిపోయింది.

అంటే ఈ చెట్టు చుట్టాలు ఒకప్పుడు ఇక్కడివే. భూఖండాలు విడిపోయాయి, వాతావరణం మారింది, పూలచెట్లు వచ్చి చోటు ఆక్రమించాయి, ఇక్కడ పోయి ఎక్కడో పసిఫిక్ దీవుల్లో మిగిలాయి. ఓడెక్కి, గాజుపెట్టె ఎక్కి, కడియం లారీ ఎక్కి తిరిగొచ్చాయి.

అలాగని పార్కంతా ఇవే నాటమంటారా అంటే, వద్దంటాను. మా పార్కు మొత్తం కలిపి ఐదారు వందల గజాలు. సాయంత్రం కూర్చునే పెద్దవాళ్లకు నీడ కావాలి, ఈ చెట్టు కింద నీడ సన్నటి చారలాగా పడుతుంది. పక్కనే అమీన్‌పూర్ చెరువు ఉంది, 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, నగరాల్లోని చెరువుల్లో దేశంలోనే మొదటిది. అక్కడికొచ్చే పక్షుల్లో కొన్నయినా మన పార్కులో వాలాలంటే పండు కాసే చెట్లుండాలి. కాంట్రాక్టరు ఇచ్చిన కొటేషన్‌లో పది చెట్లకు పదీ అరకేరియాలే. వాదనలు బాగానే జరిగాయి. గేటు దగ్గర లుక్కు పోతుందని కుర్రాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు బెంచీ దగ్గర ఎండ అని. చివరికి రెండు అరకేరియాలు పార్కు నడుమ, తీగలకు దూరంగా, దక్షిణం వైపు ఖాళీ వదిలి. మిగతా ఎనిమిదీ వేప, కానుగ, నేరేడు, ఒక రావి. నేరేడు పళ్లు కార్ల మీద పడతాయని ఒకాయన ఇంకా అలిగే ఉన్నాడు.

మీరు ఒక చిన్న పని చేయండి. మీ ఊళ్లో, మీ ఆఫీసు దగ్గర ముప్పై అడుగులు దాటిన క్రిస్మస్ చెట్టు ఉంటే, దానికి తూర్పునో పడమరనో నిలబడి ఫోనులో దిక్సూచి తెరిచి చూడండి. దక్షిణానికి వంగి ఉంటే అది కుక్ పైన్ కావచ్చు. ఊరి పేరు, ఎటు వంగిందో కింద రాయండి, ఫొటో ఉంటే ఇంకా మంచిది. వచ్చే ఎపిసోడ్‌లో సామర్లకోటలో రాక్స్‌బర్గ్ ఏం చేశాడో వివరంగా మాట్లాడుకుందాం.